సొంత గ్రౌండ్‌కి ఓటెయ్యని మాస్టారు

కాలేజీలో మాకు ఆటలు నేర్పిన పీడీ మాస్టారు పోయారని పోయిన వారం పొద్దున్నే ఫోనొచ్చింది. నా చేత హాకీ స్టిక్ పట్టించింది ఆయనే. నాకింకా ఏడుపైనా రాలేదు, టోర్నమెంట్ కమిటీ నుంచి ఇంకో ఫోను. "మేడం, ఈసారి కాలేజీల హాకీ టోర్నమెంట్ ఆయన పేరు మీద, ఆయన గ్రౌండ్‌లోనే పెడదామంటున్నారు. ఆయన సీట్లో ఇప్పుడున్న పీడీ మీరే, ఇక మీ మాటే మిగిలింది." నేనేం చెప్పను! వారంలో చెబుతానని పెట్టేశాను.

ఎందుకంటే, టోర్నమెంట్ ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చే పీడీల కమిటీలో ఉన్నన్నాళ్ళూ ఆయన సొంత గ్రౌండ్‌కే అడ్డం పడ్డారు. వినుకొండన్నా సరే, ఒంగోలన్నా సరే, మా ఊరు మాత్రం వద్దు. ప్రిన్సిపాల్‌కి నీళ్ళ ఇబ్బంది అని చెప్పేవారు. మాకేమో నేల గట్టిది, మోకాళ్ళు పోతాయనేవారు. అదే నేల మీద రోజూ మమ్మల్ని పరిగెత్తించేది ఎవరండీ మరి?

ఒక పట్టాన అర్థమయ్యే మనిషి కాదు. మెళ్ళో విజిల్ ఉన్నా ఊదకుండా గొంతు చించుకుని అరిచేవారు. గెలిచి వస్తే "సర్లే, స్టిక్కులు తుడుచుకోండి" అనేవారు. ఓడి వస్తే అందరికీ మిర్చి బజ్జీలు పెట్టించేవారు. "గెలిచినోళ్ళకి ఆకలెయ్యదమ్మా" అనేవారు.

నేను ఒక్కసారే ఎదురు తిరిగాను. మా అమ్మ మిరప కోతలకి వెళ్ళేది. పొరుగూరొచ్చి నా ఆట చూడాలంటే కూలి మానుకోవాలి. "ఒక్కసారి ఇక్కడ పెట్టించండి మాస్టారూ, మా అమ్మ చూసుద్ది" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "మిరపకాయ ఆరేది ఇక్కడేనమ్మా. ఎత్తమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

టోర్నమెంట్ సరిగ్గా కోతల రోజుల్లోనే వచ్చేది. కళ్ళాలు లేని చిన్న రైతుల్ని కాలేజీ గ్రౌండ్‌లో కాయ ఆరబోసుకోనిచ్చింది ఆయనే. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ నా ఆట చూడకుండానే పోయింది. ఆ కోపం తగ్గిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

నిన్న కమిటీకి మాట చెప్పాల్సిన రోజు. ఆయన పేరు నిలబెట్టాలంటే ఆయన వద్దన్న చోటే పెట్టాలా? ఆయన మాట నిలబెట్టాలంటే ఇప్పటి పిల్లలకీ అన్యాయం చెయ్యాలా? తేల్చుకోలేక గ్రౌండ్‌కే వెళ్ళాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా కాయే. ఒకటే తుమ్ములు. రంగు పోయిన తాలుకాయ ఏరుతున్న ఒక రైతు ఇల్లాలితో సంగతంతా చెప్పాను.

"ఓయమ్మో, ఇంతేనా! ఆట ఎప్పుడో చెబితే ముందే ఎత్తేస్తాం గదమ్మా. రోడ్డు పక్కన పోసుకుంటాం. సారు ఒక్కనాడూ అడగలేదే!"

అడగలేదు. కాదంటారని భయపడ్డారో, కాదనలేక సరేనంటారని భయపడ్డారో. ఇక ఎవర్ని అడగను? ఆయన పోయాక మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. అక్కడే నిలబడి, ఇక్కడే పెట్టండని కమిటీకి ఫోన్ చేశాను.

ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది. ఆవిడ కూతురు ఈ ఏడు కాలేజీ జట్టులో ఆడుతోందట. కొంగుతో ముక్కు మూసుకుని, ఎర్రటి కాయల మధ్య నిలబడి, ఈ గోల్ పోస్టు వైపు ఒకసారీ ఆ గోల్ పోస్టు వైపు ఒకసారీ చూసి అడిగింది.

"ఎటుపక్క కూచుంటే మా పిల్ల బాగా కనపడుద్దమ్మా?"