డోరీన్ గారి బుధవారాలు

లండన్ శివారు హారోలో మా ఫ్లాట్ కింద కౌన్సిల్ వాళ్లు గడ్డి కోస్తున్నారు. ఆ తడివాసన కిటికీలోంచి రాగానే డోరీన్ గారు గుర్తొచ్చారు. వెంబ్లీలో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి ఆవిడ ప్రిన్సిపాల్, నేను ఆవిడకు కుడిభుజాన్ని. విశాలమైన క్యాంపస్, మహావృక్షాలు, ఆటస్థలం అని మనవళ్లకు చాలాసార్లు చెప్పాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, అది తివాచీల దుకాణం పైన రెండు అద్దె అంతస్తులు. చెట్టంటే రిసెప్షన్‌లో ప్లాస్టిక్‌ది. నేను టైమ్‌టేబుల్ వేసే గుమస్తాను.

ఇక్కడి యూనివర్సిటీలకు ఒక ఆచారం ఉంది. బుధవారం మధ్యాహ్నం పాఠాలుండవు, ఆటలకు వదిలేస్తారు. మన పిల్లలకు అది నచ్చేది కాదు. మాస్టర్స్ చదివే గుంటూరు కుర్రాడు కిరణ్ నా బల్ల వదిలేవాడు కాదు. "అంకుల్, మంగళ, బుధవారాల్లోనే క్లాసులన్నీ సర్దేయండి. మిగతా రోజులు షాపుల్లో షిఫ్టులు చేసుకుంటాం." జాలిపడి సర్దేశాను. పెద్ద సంస్కర్తలాగా ఆ కాగితం ఆవిడ ముందుంచాను.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "బుధవారం మధ్యాహ్నానివి తీసేయండి," అన్నారు.

"ఆడుకోడానికి మనకు గ్రౌండే లేదు కదండీ."

"అందుకే, టైమన్నా ఉండనివ్వండి."

ఆ బుధవారం అందర్నీ పక్కనున్న పార్కుకు నడిపించుకెళ్లారు. అక్కడ నేను సిక్సర్ కొట్టానని చెప్పుకుంటుంటాను. కొట్టింది ఆవిడ, నేను పొదల్లో బంతి వెతికాను. కిరణ్ మాత్రం గడ్డిలో ముడుచుకుని నిద్రపోయాడు. లేపబోతే ఆవిడ నన్ను ఆపి, తన కోటు వాడి మీద కప్పారు. "ఈ దేశం వచ్చాక వీడికి ఖాళీ దొరకడం ఇదే మొదలేమో," అన్నారు.

తర్వాత యాజమాన్యం ఇంకో బ్యాచ్‌ను చేర్చుకుని ఆ బుధవారం పూటా క్లాసులతో నింపమంది. ఆవిడ ఒప్పుకోలేదు, ఉద్యోగమే వదులుకున్నారు. వీడ్కోలు టీ పార్కులో, బుధవారం నాడే పెట్టమన్నారు. అప్పటికే మిగతావాళ్లకు ఆ పూట క్లాసులు. వచ్చింది నేనూ, కిరణూ.

"నీకు ఇవాళ షిఫ్టు లేదూ?" అని ఆవిడ అడిగారు.

"మానేశా మేడం," అని వాడు ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. టీ చల్లారేదాకా ముగ్గురం గడ్డిలో అలాగే కూర్చున్నాం. అంత హాయిగా మళ్లీ ఎవరి పక్కనా కూర్చోలేదు నేను.

ఆవిడ ఇప్పుడు లేరు. మా యూనివర్సిటీ అద్దాల మేడలోకి మారింది, జిమ్ కూడా ఉందట. మొన్న మా డాక్టరు క్లినిక్ నుంచి ఫోన్ చేసి, బుధవారం మూడింటికి డాక్టర్ ఖాళీ అన్నారు. "ఆ పూట మా యూనివర్సిటీకి సెలవు, కుదరదు," అన్నాను.

"రిటైరై ఎన్నేళ్లయింది మామయ్యా?" అని మా కోడలు నవ్వింది.

ఇవాళ బుధవారం. బూట్లు వేసుకున్నాను. పార్కులో నేను చేయాల్సిన పనేమీ లేదు. వెళ్లేది అందుకే.