గుమ్మానికి అడ్డంగా కంప

పందొమ్మిది వందల అరవైల్లో ఒక కరువు ఏడు, కదిరి వెళ్లే బస్సులో ఉన్నాను. ముదిగుబ్బలో ఒక ముసలి దొర, నెత్తిన మూటతో ఒకావిడ ఎక్కారు. ఇద్దరిదీ ఒకే పల్లె. ఇంగ్లండులో పింఛను చాలక, ఇక్కడైతే చవగ్గా, నింపాదిగా బతకవచ్చని దొర ఇల్లు తీసుకున్నాడట.

"మా పల్లెలో అలికిడే ఉండదు, ఎంత ప్రశాంతమో," అని నాతో మురిసిపోయాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, గుమ్మాలకు ముళ్లకంపలు ఎందుకు పెడతారని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఇంట్లో మనుసులు లేరని గుర్తు సామీ. వానల్లేక అందరూ కూలికి బెంగుళూరు పోయినారు. కంప ఉంటే ఎవురూ లోపలికి పోరు. మా ఇంటికీ ఇప్పుడే పెట్టి వస్తాండా."

"అయితే నీ ఇల్లు అద్దెకిస్తావా? నా స్నేహితుడొకడు వస్తానంటున్నాడు."

నాకు ఒళ్లు మండింది. ఊరు ఖాళీ అయిపోతుంటే ఈయనకది ప్రశాంతత. నేను నోరు తెరిచేలోపే ఆవిడ జాలిగా అడిగింది.

"మీ దేశంలోనూ వానలు పడలేదా సామీ?"

"ఏడాదంతా పడతాయి."



"పడతాండినా ఇడిసిపెట్టి వచ్చినారా?"