గుమ్మం ముందు నల్లరాళ్ళు

మా కంపెనీకి గని లేదు. గని కోసం వెతకడమే దాని పని. ఒమాన్‌లో రుస్తాఖ్ ఊరు దాటి కొండల్లోకి పోతే తారు రోడ్డు ఆగిపోయి ఎండిన వాగు మొదలవుతుంది. ఆ వాగును అక్కడ వాదీ అంటారు. దాని ఒడ్డున కొన్ని పోర్టాక్యాబిన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక నీళ్ళ ట్యాంకు. కంపెనీ అంటే అంతే. కొండ కింద రాగి ఉందేమోనని బోరు వేసి, లోపలి నుంచి రాతికడ్డీలు పైకి తీసి, పెట్టెల్లో వరసగా పేర్చి చూసేవారు. నేను జగిత్యాల వైపు వాణ్ణి. బోరుబండి చప్పుడు వింటే చాలు, ఎవరి పొలంలోనో అని మెడ తిప్పి చూసే అలవాటు. మా దగ్గర నీళ్ళు పడితే పండగ. ఇక్కడ నీళ్ళు పడితే డ్రిల్లర్లు విసుక్కునేవారు. ఆ విడ్డూరానికి మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు.

వాళ్ళందరికీ వండిపెట్టడం నా డ్యూటీ. అంతకుముందు మస్కట్ దగ్గర రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ మెస్సులో పెద్ద వంటాయన కింద ఉల్లిగడ్డలు కోసేవాణ్ణి. కూరలో ఉప్పు చూడాలన్నా ఆయన అనుమతి కావాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మెస్సులో దాన్ని మింగుతూ గడిపాను. ఈ కొండల్లోకి వచ్చాక వంటగది నాదైంది. పప్పుచారు పెట్టినా, కోడికూర వండినా నా ఇష్టం. గరిట నా చేతిలో ఉండటంలో ఎంత సుఖముందో అక్కడే తెలిసింది. ఆ చిన్న కంపెనీకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

నేను అలా కుదురుకున్నాక ఒకరోజు మేనేజరు మస్కట్ నుంచి వచ్చి చెప్పిపోయాడు. ఇంకొక్క బోరు వేస్తారు. రాగి పడితే క్యాంపు ఉంటుంది. పడకపోతే అందరి వీసాలూ క్యాన్సిల్, అందరూ ఇంటికే. ఆ రోజు నుంచి నా పోపుగరిటె కూడా ఆ బోరు మీదే వేలాడుతున్నట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆ ముసలాయన రావడం మొదలుపెట్టాడు. మా క్యాంపుకు దిగువన, వాదీ మలుపులో, ఖర్జూరపు చెట్ల మధ్య ఆయన ఇల్లు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ తాళాలు వేసి ఉండేవి. మేకల్ని తోలుకుంటూ వచ్చి, వంటగది ముందు కర్ర ఆనించి నిలబడి, నావైపు, కొండవైపు చూపిస్తూ ఒకటే మాట అనేవాడు. "నహాస్. నహాస్." నేను చాయ్ ఇస్తే తాగి, మళ్ళీ అదే మాట అని వెళ్ళిపోయేవాడు.

మా డ్రైవర్ పాతబస్తీ మనిషి. అరబ్బీ తనకు నీళ్ళు తాగినంత సులువని చెప్పుకునేవాడు. ఆయన్ను అడిగాను.

"ఏమంటుండు భాయ్ ఈ తాత?"

డ్రైవర్ ముఖం మాడ్చుకున్నాడు. "మంచి మాట కాదన్నా. నహస్ అంటే మన్హూస్. మన దిక్కు శని అంటరు జూడు, అది. నిన్ను జూసి అంటుండు, కొండను జూసి అంటుండు."

"నన్నెందుకు అంటడు? చాయ్ పోస్తున్న గద!"

"చాయ్ మంచిగ లేదేమో."

నాకు ఒళ్ళు మండింది. ఇలాయిచీ దంచి వేసిన చాయ్ అది.

ఆ తర్వాత గుమ్మం ముందు రాళ్ళు కనిపించసాగాయి. నల్లగా, బరువుగా, కాలి కరిగి గడ్డకట్టినట్టున్న రాళ్ళు. పొద్దున తలుపు తీస్తే ఒకటి రెండు ఉండేవి. తీసి వాదీలో పారేస్తే మళ్ళీ వచ్చేవి. మా దిక్కు పెరిగినవాడెవడైనా గుమ్మం ముందు నల్లరాయి చూస్తే ఏమనుకుంటాడు? నేనూ అదే అనుకున్నాను. చేతబడి. ఆఖరి బోరు మొదలవబోతుండగా ఆ తాత నోటితో శని అంటున్నాడు, చేత్తో రాళ్ళు పెడుతున్నాడు. డ్రైవర్‌కు భయం నాకంటే ఎక్కువ. వాళ్ళమ్మ నేర్పిన దువా ఏదో చదివి వంటగది చుట్టూ ఊదాడు. "నువ్వు గూడ మీదేమన్న ఉంటే జెయ్ అన్నా, రెండు దిక్కుల కెల్లి కాపాడుకుందం" అన్నాడు.

నేను ఊరుకుంటానా? మధ్యాహ్నం గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు తీసి వంటగదికి, బోరుబండికి, డ్రైవర్‌కు కూడా దిష్టి తిప్పి నిప్పుల్లో వేశాను. గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. ఘాటంతా ఆఫీసు క్యాబిన్‌లోకి పోయింది. లోపలున్న జియాలజిస్టు మేడమ్ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఒమానీ అమ్మాయి, మస్కట్ పక్కన సీబ్‌లో వాళ్ళ ఇల్లు. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ మాట్లాడేది. ఏం కాలుస్తున్నావని అడిగింది. నేను రాళ్ళు చూపించి, తాత అనే మాట చెప్పాను.

ఆమె మళ్ళీ దగ్గింది. ఈసారి నవ్వాపుకోలేక. నహాస్ అంటే అరబ్బీలో రాగి అట. ఆ నల్లరాళ్ళు చిట్టెం. ఎప్పుడో పూర్వకాలంలో ఈ కొండల్లోనే రాగిని కరిగించేవారు, కరిగించగా మిగిలిన గడ్డలు ఇప్పటికీ వాదీ అంతా పడి ఉన్నాయి, వాటితో కంపెనీకి పని లేదు అని చెప్పింది.

నేను డ్రైవర్‌వైపు తిరిగాను. "నీళ్ళు తాగినంత సులువన్నవ్ గద భాయ్?"

"ఒక్క దీర్ఘం దగ్గర తప్పు పోయిందన్నా" అన్నాడు, ఎటో చూస్తూ.

పనికిరాని చిట్టెం మరి నా గుమ్మం ముందెందుకు పెడుతున్నట్టు? మర్నాడు తాత వచ్చినప్పుడు మేడమే అడిగింది. ఆయన చాలాసేపు చెప్పాడు. ఆమె నవ్వు తగ్గించి, మాకు హిందీలో చెప్పింది. ఈ లోయలో వాళ్ళంతా ఒక్కొక్కరే పట్నానికి పోయారట. మేము వచ్చాక మళ్ళీ మనుషుల చప్పుడు వినిపిస్తోందట. పొద్దున్నే నా పోపు వాసన కిందికి వస్తుంటే ఇంట్లో ఎవరో వండుతున్నట్టు ఉంటుందట. రాగి దొరక్కపోతే వీళ్ళు వెళ్ళిపోతారని ఎవరో చెప్పారు, అందుకని తనకు కనిపించిందల్లా ఏరి తెస్తున్నాడు. నాకే ఎందుకంటే, క్యాంపులో అందరికీ అన్నం పెట్టేవాడే పెద్ద అని ఆయన లెక్క.

వాదీలో విసిరేసిన రాళ్ళను వెతికి తెచ్చి గుమ్మం పక్కన పేర్చాను. అప్పటి నుంచి తాతకు చాయ్‌తో పాటు వేడి వేడి పూరీలు కూడా.

ఆఖరి బోరు నడిచినన్నాళ్ళూ పెట్టెల్లోకి రాతికడ్డీలు వస్తూనే ఉన్నాయి. నాకు వాటి గురించి తెలియదు గానీ, మేడమ్ ముఖం చూడటం తెలుసు. ఆఖరి పెట్టె చూశాక ఆమె అన్నానికి రాలేదు. నేను క్యాబిన్‌కే తీసుకెళ్ళి పెడితే తల అడ్డంగా ఊపింది. బయటికి వచ్చి డ్రైవర్‌తో, మా ఊళ్ళో ఎండిన బోరు దగ్గర చెప్పే మాటే చెప్పాను. "పడలే భాయ్."

క్యాంపు ఎత్తేసే రోజు పొద్దున పొయ్యి, గిన్నెలు బండెక్కిస్తున్నాం. తాత మేకలు లేకుండా ఒక్కడే వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన మూట. నా గుమ్మం ముందు, ఆ నల్లరాళ్ళ పక్కన మూట విప్పాడు. కాఫీ కాచే పాత రాగిపాత్ర. చింతపండుతో తోమినట్టు ఎర్రగా మెరుస్తోంది. దాన్ని అక్కడ పెట్టి, మాలాంటి వాళ్ళకు అర్థమయ్యే ముక్కల అరబ్బీలో అన్నాడు.

"నహాస్ మౌజూద్. మాఫీ రూహ్."

రాగి ఉంది. పోవద్దు.

నా కళ్ళు నిండాయి. అయినా అలవాటు కొద్దీ డ్రైవర్‌ను అడిగాను. "ఏమంటుండు భాయ్?"

ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. "గిదొక్కటి నాకు నిజంగనే సమజైందన్నా" అన్నాడు.

బండెక్కించిన పొయ్యిని మళ్ళీ దించాను. తాత ఆ పాత్రలోనే కాఫీ కాచి అందరికీ పోశాడు. పాత్ర కడిగి, రెండు చేతులతో ఆయనకే తిరిగిచ్చాను. అంత పెద్ద బహుమతి ఉంచుకునే మొహం నాకు లేదు, పుచ్చుకున్నట్టే అని గుండె మీద చెయ్యి పెట్టి చెప్పాను.

అదృష్టం బాగుండి మా ఇద్దరి వీసాలు క్యాన్సిల్ కాలేదు. మేడమ్ తిరిగి తిరిగి నాకు, డ్రైవర్‌కు సీబ్‌లో పని చూపించింది. అక్కడ మళ్ళీ ఒకరి కింద వంట చేస్తున్నాను, కోపం మళ్ళీ మింగుతున్నాను. సెలవు దొరికిన శుక్రవారం ఇద్దరం బండి తీసుకుని ఆ వాదీకి పోతాం. పోపుగింజలు, కరివేపాకు నా సంచిలోనే ఉంటాయి. తాత ఇంట్లో వంట నాది. మలుపు తిరగగానే ఆయన కర్ర పైకెత్తి, కొండ మారుమోగేలా "నహాస్!" అని మమ్మల్ని పిలుస్తాడు. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "పిలుస్తుండు జూడు అన్నా, శనిగాళ్ళొచ్చిన్రని" అంటాడు.