పోచయ్య చప్పట

ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో సౌండ్ రికార్డిస్టు పోచయ్య పొద్దున్నే కెమెరాకూ తన రికార్డర్‌కూ టైమ్‌కోడ్ కలుపుతాడు. ఇక రెండింట్లోనూ అవే అంకెలు పరుగెడతాయి. ఎడిటింగ్‌లో మాటా పెదవీ వాటంతటవే కలుస్తాయి. అయినా ప్రతి షాట్‌కీ ముందు హెడ్‌ఫోన్ మెడలోకి జార్చి, కెమెరా ఎదుట నిలబడి, టేపుల కాలంలో బొమ్మనూ శబ్దాన్నీ కలిపేందుకు గురువు భుజంగం సారు నేర్పినట్టే ఒక్క చప్పట చరుస్తాడు. "గిప్పుడు గూడ చప్పటేందే పోచన్నా?" అని యూనిట్ అంతా నవ్వేది.

మొన్న భోజనాలయ్యాక కెమెరాకు బ్యాటరీ మార్చారు. దాంతో కెమెరాలో అంకెలు చెదిరాయి. టైమ్‌కోడ్ మళ్లీ కలపడం పోచయ్యే మరిచిపోయాడు. ఆ పూట తీసింది హీరోయిన్ ఏడుపు సీను. మర్నాడు ఎడిటర్ భువన ఫోన్ చేసింది.

"అంకెలు తప్పాయండీ. సీనంతా మీ చప్పటతోనే కలిపాను."

పోచయ్య అరచెయ్యి చూసుకున్నాడు.

"గా చప్పట నాది కాదమ్మా, మా సారుది."