తిమింగలాలు రాని రోజులు

మా సైన్సు మాస్టరుగారు కాలం చేశారన్న కబురు విడవలూరు బస్సు కండక్టరు తెచ్చాడు. పదవీ విరమణ దాకా ఆయన పక్క గదిలోనే తెలుగు చెప్పినవాణ్ణి. ఆయన బ్రతికి ఉండగా నేను చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. చదువరులకు చెబుతున్నాను.

సముద్రాన్ని పరిశీలించేటప్పుడు ఆయన మాట్లాడేవారు కారు. పంచె చెంగుతో కళ్లద్దాలు తుడుచుకొని ఇసుకలో కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే చేయెత్తి ఆపి, తాను పెట్టుకొన్న గంట సేపు ముగిశాకనే బదులిచ్చేవారు.

మీటర్లు, కిలోగ్రాములు కొత్తగా వచ్చిన రోజులవి. తిమింగలాలను సముద్రంలోనే, ప్రాణంతో ఉండగా పరిశీలించడానికి మద్రాసులోని ఒక పరిశోధనాలయం ఒక విద్యార్థికి ఏడాదిపాటు శిక్షణ ఇవ్వదలచింది. రెండు నెలలు తీరాన కూర్చుని, చూసినది ఏరోజుకారోజు పుస్తకంలో రాసి, చివర దాని శుద్ధప్రతి పంపాలన్నది నియమం. మా జాలరుల పాళెం నుంచి నెల్లూరు కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల, మాస్టరుగారి శిష్యురాలు కావేరమ్మ అందుకు పూనుకొంది. ఆ అవకాశం రాకపోతే చదువు మానిపించి పెళ్లి చేస్తానని తండ్రి ముందే చెప్పాడు.

మొదటి నెలలో దాదాపు ప్రతి ఉదయం దూరాన తిమింగలం ఊపిరి తుంపరగా లేచేది. ఒకనాడు అది ఆగిపోయింది. తరువాత చేపలూ పలచబడ్డాయి. వలలు ఖాళీగా తిరిగివచ్చాయి. కావేరమ్మ తండ్రి పాళేనికి పెద్ద. ఆయన దురాయి వేశాడు, అంటే ఎవరూ వేటకు పోరాదని కట్టడి చేశాడు.

“అవి లేని నీళ్లల్లోకి పోబాకండి. ఏందో చూసే తొలిగినాయి.”

“తిమింగలాలకి దురాయి ఎవురేసినారు మామా?” అన్నాడొక పడుచువాడు. ఎవరూ నవ్వలేదు.

“రాసేదానికేముంది సారూ? వట్టి నీళ్లే గదా,” అంది కావేరమ్మ.

“వట్టి నీళ్లనే రాయమ్మా. లేదని చూసిందీ చూసినట్టే.”

ఆమె నెల రోజులు, ఒక్కరోజు తప్పకుండా, ‘కనబడలేదు’ అని రాసింది.

నా దస్తూరి బాగుంటుందని శుద్ధప్రతి రాసే పని మాస్టరుగారు నాకు అప్పగించారు. ఒకే మాట పుటల కొద్దీ రావడం నాకు పునరుక్తి దోషంగా తోచింది. అవన్నీ తీసివేసి, ‘తదుపరి దినములలో విశేషము లేవియు లేవు’ అని ఒక్క వాక్యంతో ముగించాను. ఆ వాక్యం చూసుకొని మురిసిపోయాను కూడా. నామీది నమ్మకంతో మాస్టరుగారు చదవకుండానే పంపారు.

శుద్ధప్రతిని తిప్పి పంపుతూ, నెల రోజులు చూడనే చూడని విద్యార్థిని తీసుకోలేమని మద్రాసు నుంచి జవాబు వచ్చింది. మాస్టరుగారు అసలు పుస్తకంతో రైలెక్కారు. తిమింగలాలు ఎప్పుడు మాయమయ్యాయో చెప్పేవి ఆ పుటలేనని వారూ ఒప్పుకొన్నారట. కాని అప్పటికే మరొకరిని తీసుకొన్నారు.

తిరిగివచ్చి నా ఎదుటనే, “తప్పు నాదమ్మా. సరిచూసుకోకుండా పంపినాను,” అన్నారు కావేరమ్మతో. నావైపు చూడలేదు. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ తరువాత ప్రతి వేసవీ ఆయన ఒంటరిగా తీరాన కూర్చున్నారు. “వచ్చాయా?” అని నేనడిగితే, “ఇంకా లేదండీ,” అనేవారు. ఏటేటా ఆ గొంతు తగ్గుతూ వచ్చింది.

అంత్యక్రియలనాడు కావేరమ్మ బిడ్డనెత్తుకొని తీరానికి వచ్చింది.

“అయ్యోరా, ఆ కాపీ రాసింది మీరే గదా? మీ దస్తూరి నాకు తెలీదా? సారు తన తప్పన్నాడని ఊరుకున్నా.”

ఇప్పుడు చెబుతున్నాను: తప్పు నాది.

“రేపట్నించి సముద్రాన్ని ఎవురు చూస్తారు?” అంది కావేరమ్మ.

బిడ్డను భుజానికి ఎత్తుకొని నీటి అంచుదాకా నడిచి, మాస్టరుగారిలాగే సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఒడ్డున ఒక్క పక్షి లేదు. సముద్రం సీసంలా కదలక పడి ఉంది; ఆమె నిలబడినంతసేపూ ఆమె పాదాల దాకా ఒక్క అల కూడా రాలేదు.