లోపలి కుట్టు

మేకు కొట్టని పడవ చేయాలని మా నాన్నకు పట్టిన పిచ్చి ఇల్లంతటికీ పట్టింది. తొంభైల చివర. అప్పటికే సంతబొమ్మాళి వైపు రేవుల్లో ఫైబర్ పడవలు దిగుతున్నాయి. మాది కవిటి దగ్గర కొబ్బరితోట, చేపల వేట మా పని కాదు. అయినా చిన్నప్పుడు చూసిన, పలకల్ని పీచు తాడుతో కుట్టిన కుట్టు పడవలాంటిది ఒకటి చేసుకుని, ఉప్పుటేట్లో తెరచాప ఎత్తి షికారు తిరగాలని ఆయన కోరిక. కోరిక ఆయనది, చాకిరీ మాది. అమ్మా నేనూ కొబ్బరి డొక్కలు నెలల తరబడి ఏట్లో నానబెట్టి, బాది, పీచు తీసి తాడు పేనాం. అరచేతులు పుండ్లు పడి అన్నం కూడా కలుపుకోలేకపోయేదాన్ని.

పలకను పలకతో కలిపి కుట్టాలంటే బయట ఒకరు, లోపల ఒకరు ఉండాలి. బయటినుంచి నాన్న బెజ్జంలోకి తాడు దూర్చేవాడు. లోపల నేను అందుకుని, కాలు తన్నిపెట్టి బిగలాగి, పక్క బెజ్జంలోంచి తిరిగి ఇచ్చేదాన్ని. ఆ ఎండాకాలమంతా పడవలోనే కూర్చున్నాను. మొదటి షికారుకు నన్ను తీసుకెళ్తానన్నాడు నాన్న. ఆ మాట పట్టుకునే అన్ని కుట్లూ లాగాను.

పడవను నీళ్లలోకి తోసిన రోజు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను అంచు మీద చెయ్యి వేశానో లేదో మా పెదనాన్న అడ్డం వచ్చాడు. ఆడది ఎక్కితే పడవకు అరిష్టమట. ఇన్నాళ్లూ లోపల కూర్చున్నది ఎవరని అడిగాను. ఒడ్డు మీద ఉన్నంతవరకూ పర్వాలేదట, నీళ్లలో దిగాక కూడదట. ఎంత చక్కని శాస్త్రం. చాకిరీకి అంటని మైల షికారుకు అంటుకుంది. నాన్న నావైపు చూడలేదు. మగాళ్లంతా ఎక్కి వెళ్లిపోయారు. నేను మోకాలిలోతు నీళ్లలో నిలబడి కోపంతో ఏడ్చాను.

పీచు తాడు ఏడాదికల్లా చివికిపోతుంది. విప్పి మళ్లీ కుట్టాలి. వానలు వెళ్లాక నాన్న కొత్త తాడు చుట్ట భుజాన వేసుకుని, ఏమీ జరగనట్టే నన్ను రమ్మన్నాడు.

"ఈసారి నన్ను ఎక్కిత్తానని సెప్పు నాన్నా. ఇప్పుడే లోపల కూకుంటాను."

"ఊరోళ్లు ఏటనుకుంతారే?"

"మరైతే ఆ ఊరోళ్లనే కూకోమను."

అమ్మ నన్ను తిట్టింది. పడవలో కూర్చుని తాడు లాగడానికి పెదనాన్నకు నామోషీ. నాన్న నన్ను మళ్లీ అడగలేదు. పడవ ఇసుకలోనే పడి ఉండి, కుట్లు ఊడిపోయాయి. ఆ వేసవికి నాన్న పలకలు విప్పి వంటచెరకు చేశాడు. కూతుర్ని ఒక్కసారి ఎక్కించుకోవడం కంటే, పడవను పొయ్యిలో పెట్టుకోవడమే ఆయనకు సులువైంది.