తొమ్మిది మూరల దూలం

కట్టె లోపల గుల్లగా ఉందో గట్టిగా ఉందో చెవితో చెప్పడం వడ్లవాళ్ల, అంటే వడ్రంగుల, విద్య. కమలమ్మ దాన్ని నలభై ఏడో ఏట, ఒక్క ఎండాకాలంలో నేర్చుకుంది. అంతకుముందు ఆమెకు తెలిసిన విద్య జొన్నరొట్టె. పెనం మీది రొట్టెను వేలితో కొట్టి కాలిందో లేదో చెప్పేది. అదే వేలితో దూలాలను కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకు వేలు వాచి, చిన్న సుత్తె పట్టింది.

ఎందుకింత పట్టుదల అంటే, ఆమె ఇల్లు పోయేటట్టుంది.

ఇల్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డుకు ఒక గల్లీ లోపల. మామ చంద్రారెడ్డి కట్టించింది. రెండడుగుల మందం మట్టిగోడలు, పైన బెంగళూరు పెంకులు, నడిమింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకే ఒక్క టేకు దూలం. ఆ నడిమింట్లోనే కమలమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లు మూడు పొయ్యిల మీద రొట్టెలు చేస్తారు. ఆదిబట్ల కంపెనీల పిల్లలు, బస్టాండు దగ్గరి హోటళ్లు, షుగరొచ్చిన సార్లు, అందరికీ అక్కడివే. పెంకుల సందుల్లోంచి పొగ దానంతటది పోతుంది, మట్టిగోడ వేడి పట్టదు. మూడు పొయ్యిలు మండుతున్నా మనిషి నిలబడగలిగిన ఇల్లు అది. పోయిన ఏటి వానలకు దూలం ఒక కొస గోడలోనే నాని కుళ్లింది. కప్పు జానెడు కుంగింది.

మరిది తిరుమల్ రెడ్డికి ఆ కుంగుడు చల్లని కబురులా వినిపించింది. ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. ఆయన పక్కనే స్లాబిల్లు వేసుకున్నాడు. దీన్ని కూలగొట్టి నాలుగు షట్టర్లు వేయాలని ఆయన ఆలోచన.

"ఇది ఇల్లు కాదు వదినె, మట్టికుప్ప. జేసీబీ వస్తే అరగంట పని."

"స్లాబు కింద మూడు పొయ్యిలు పెడితే రొట్టెలతోటి పాటు మనుషులు గూడ కాల్తరు తిరుమలా. నేనేడికి పోవాలె?"

"అయితే కప్పు నిలవెట్టు. మిరుగం లోపల నిలవెడితే ఇల్లు నీదే, మల్ల నోరెత్త. లేకుంటే మిరుగం తెల్లారి జేసీబీ."

మిరుగం అంటే మృగశిర కార్తె, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఈ మాట జరిగింది మార్చిలో. కమలమ్మ భర్త మల్లారెడ్డి అక్కడే కూర్చుని ఉన్నాడు. తమ్ముడి మాట విన్నాడు, భార్య మాట విన్నాడు, లేచి బర్రెకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

అంత పొడుగు, అంత లావు కొత్త టేకు కొనే తాహతు వాళ్లకు లేదు. కానీ కమలమ్మ దగ్గర ఇంకెవరికీ లేని ఒక వసతి ఉంది. ఔటర్ రింగు రోడ్డు చుట్టూ వెంచర్ల కోసం పాత ఇళ్లు కూలుతున్నాయి, ఆ కూలగొట్టే డ్రైవర్లు తినేది ఆమె రొట్టెలే. ఏ ఊళ్లో ఏ ఇల్లు ఏ రోజు కూలుతుందో ఆ ఇంటి పక్కవాడికంటే ముందు ఆమెకు తెలిసేది. నాదర్‌గుల్‌లో ఒక వాకిలి పెంకులు, కందుకూరు వైపు ఒక కొట్టం వాసాలు, ఎక్కడో ఒక పెరటిగోడ ఇటుకలు ట్రాక్టరు మీద ఒక్కొక్కటే గల్లీలోకి వచ్చాయి.

పాత సామాను వాడటం గురించి ఈమధ్య చాలా అందమైన మాటలు పుట్టాయి. భూమిని కాపాడటమట, పూర్వీకుల స్పర్శట, చెక్కలో నిద్రపోయే జ్ఞాపకాలట. కమలమ్మకు ఇవేవీ తెలియవు, చెబితే నవ్వుతుంది. ఆమెకు తెలిసింది ఇంతే: పాత ఇటుకకు అంటుకున్న సున్నం గీకితే పోతుంది, గీకడానికి ఇంట్లో మొగుడున్నాడు. మల్లారెడ్డి వేపచెట్టు నీడలో కూర్చుని, పగిలిన కొడవలి ముక్కతో రోజుకు రెండు వందల ఇటుకలు గీకేవాడు. ఎవరి పక్షమని అడిగితే ఇటుక వైపు చూసేవాడు.

అసలు పేచీ అత్త నాగులమ్మతో వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నోరు మాత్రం ఇంకా పాతికేళ్లది.

"ఎవలింటి కట్టెనో తెచ్చి మనింటి మీద ఎక్కిస్తవా కమలా? ఆ ఇంట్ల ఎవలు సచ్చిన్రో, ఎవలు ఆగమైన్రో. కట్టెతోటి అవన్ని వస్తయి."

"వస్తే రానీ అత్తమ్మా. వాళ్లకు గూడ రెండు రొట్టెలు పెడ్త."

"నవ్వు, నవ్వు. మీ మామ ఉంటే ఇట్ల కానిచ్చేటోడా? తొమ్మిది మూరల దూలం, ఒక్క అతుకు లేకుంట ఎత్తించిండు."

తొమ్మిది మూరల దూలం అన్నది ఆ ఇంట్లో మాట కాదు, మంత్రం. పెళ్లి చూపుల్లో చెప్పుకున్నారు, చావు దినాల్లో చెప్పుకున్నారు. తిరుమల్ కూడా షట్టర్ల సంగతి మాట్లాడుతూ మధ్యలో ఒకసారి గర్వంగా ఆ మాట అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఏప్రిల్ చివర బొంగులూరులో దూలం దొరికింది. పోశమ్మ అనే ఆమె తన ఇల్లు వెంచరు వాళ్లకిచ్చి కొడుకు దగ్గరికి పోతూ, కట్టె, రాయి విడిగా అమ్ముతోంది. కమలమ్మ తన ఇంటి కట్టె పని చూసే వడ్ల బాలేష్‌ను వెంటబెట్టుకుని పోయింది. నిచ్చెనెక్కి సుత్తెతో ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టింది. ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు, పొడిగా, గట్టిగా.

"గుల్ల లేదు అక్కా. మంచి కట్టె," అన్నాడు బాలేష్.

అప్పటికే అక్కడ గోపాలరావు ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి నాదర్‌గుల్‌లో స్థిరపడినాయన, తోట ఇల్లు కట్టుకుంటున్నాడు. దూలాన్ని ఆయన వినాయకుడి విగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నాడు.

"అమ్మా, ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదండీ. దీనికి ఉయ్యాల కట్టిస్తే, మన పాత సంస్కృతి అలా కళ్ల ముందు నిలబడుతుంది. మా ఆర్కిటెక్టు గారు ఆదివారం వచ్చి చూస్తారు, అప్పుడు..."

"ఆదివారం దాక ఇల్లు ఉండది సారూ. మంగళారం జేసీబీ," అంది పోశమ్మ. తర్వాత కమలమ్మ వైపు తిరిగింది. "నీ ట్రాక్టరేడుంది?"

"మీ వాకిట్లనే ఉంది."

"తీస్కపో మరి."

సంస్కృతి ఆదివారానికి వాయిదా పడింది, దూలం కమలమ్మకు వచ్చింది. వాకిటి ముందున్న ఎనిమిది మెట్ల రాళ్లు కూడా, బట్టలుతకడానికి పనికొస్తాయని ఎక్కించుకుంది.

చిక్కు ఒక్కటే. దూలం పద్దెనిమిది అడుగులు, ఊరి మూల మలుపు తిరగదు. ఎంత ఉంచాలని బాలేష్ అడిగాడు.

"తొమ్మిది మూరలు," అంది కమలమ్మ, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

మూరంటే మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా, లెక్కకు అడుగున్నర. "పదమూడున్నర. ఇంకో అర అడుగు ఇడుస్త, ఎందుకైన మంచిది," అని బాలేష్ పద్నాలుగు దగ్గర కోశాడు. మిగిలిన నాలుగడుగుల ముక్కను గోపాలరావు సంతోషంగా కారులో పెట్టుకున్నాడు. టీపాయ్ చేయించుకుంటానన్నాడు.

మే చివరి వారంలో పెంకులు దించారు, వాసాలు దించారు, కుళ్లిన దూలాన్ని గోడలోంచి ముక్కలుగా పెరికారు. నడిమిల్లు ఆకాశానికి తెరుచుకుంది. రొట్టెల పని పక్కన రేకుల కింద. మిరుగానికి పదకొండు రోజులు.

దూలం ఎత్తుడంటే గల్లీ మొత్తం పని. ఎనిమిది మంది మొగవాళ్లు, రెండు మోకులు, నాలుగు గుంజలు. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఎత్తారు. పడమటి గోడ మీద కొస అడుగు లోపలికి కూర్చుంది. తూర్పు కొస పోయి గోడ అంచును తాకి ఆగింది. గోడ మీదికి వేలెడు కూడా పోలేదు.

"జరుపున్రి!" అని అరిచాడు బాలేష్ కింది నుంచి.

"ఏడికి జరుపాలె? ఇటు జరిపితే అటు ఊడుతది!"

బాలేష్ నిచ్చెనెక్కి టేపు పెట్టాడు. దిగి ఇంకోసారి పెట్టాడు. ఆ గదికి కావలసిన దూలం పదిహేను అడుగులు. నేల మీద కూర్చున్నాడు.

"తొమ్మిది మూరలన్నవ్ గద అక్కా."

ఆ మాటకు నాగులమ్మ మంచం మీది నుంచి అంది, "తొమ్మిది మూరలే. మీ మామ తన చెయ్యి పెట్టి కొలిచిండు. ఇంటాయన మూరతోనే ఇల్లు కొలువాలె, గదే పద్ధతి."

చంద్రారెడ్డి ఊళ్లో అందరికంటే పొడుగు మనిషి. గుమ్మాల్లో తల వంచకుండా పోయింది లేదు. ఆయన మూర ఇరవై అంగుళాలు, తొమ్మిదైతే పదిహేను అడుగులు. ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ చెప్పుకున్న ఆ సంఖ్య అబద్ధం కాదు, కానీ ఆ చెయ్యి చితిలో కాలిపోయి పద్నాలుగేళ్లయింది.

తిరుమల్ గల్లీలో నిలబడి చూస్తున్నాడు. నవ్వు ఆపుకోలేదు.

"వదినె, ఆ ఆంధ్రాయన ఇంటికి పో. నీ దూలం మీద చాయ్ పెట్టి ఇస్తడు."

మోకులు పట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు. దూలం దించి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. కమలమ్మకు ఒళ్లు మండింది తిరుమల్ మీద కాదు, తన మీదే. అత్త కట్టెతోటి దయ్యాలు వస్తాయంటే నవ్విన మనిషి తను. అదే అత్త చెప్పిన మూరలను మాత్రం టేపు పెట్టకుండా నమ్మింది. దయ్యాలను నమ్మినా ఇంత నష్టం జరిగేది కాదు. గోడ దగ్గర నిలబడి టేపు పెట్టడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం ఎందుకు పెట్టలేదంటే, మామ మాటను కొలవడం మర్యాద కాదని మనసులో ఎక్కడో ఉంది.

మర్నాడు పొద్దున బాలేష్ దిగులుగా వచ్చాడు. ఇంకో దూలం వెతుకుదామన్నాడు. పది రోజుల్లో పదిహేను అడుగుల టేకు ఎక్కడ దొరుకుతుంది? అతుకు వేద్దామంటే, అతుకు మీద అంత బరువు వద్దని తనే అన్నాడు. కమలమ్మ పెరట్లో నోరు కడుక్కుంటూ వింటోంది. కాళ్ల కింద పోశమ్మ ఇంటి మెట్ల రాళ్లు, పక్కన మల్లారెడ్డి గీకిన ఇటుకల దొంతర.

"బాలేషూ, దూలం గోడ దాక వచ్చింది గద?"

"అవ్, అంచు దాక."

"అయితే గోడనే అడుగు లోపలికి తెద్దాం. కింద ఈ రాళ్లు, మీద ఈ ఇటుకలు. దూలం కొస దాని మీద కూసుంటది."

బాలేష్ రాళ్లను చూశాడు, ఇటుకలను చూశాడు. "అది అయితది," అన్నాడు మెల్లగా. తర్వాత, "అక్కా, పాత ఇల్లు గద, సున్నం తోటే కడుదామా? సిమెంటు అంటే జర..."

"సున్నం ఆరే వరకు మిరుగం పోయి శ్రావణం వస్తది. సిమెంటు పెట్టు. నేనేం గుడి కడ్తలేను."

నాగులమ్మ ఊరుకోలేదు. నడిమింట్లో అడ్డంగా దిమ్మె ఏమిటి, అది ఇంటికి శూలం అవుతుంది అంది. "శూలం గాదు, నా పిండి డబ్బాలు పెట్టుకునే జాగ," అంది కమలమ్మ. గల్లీ చివరి మేస్త్రీ నాలుగు రోజుల్లో లేపాడు. మల్లారెడ్డి ఇటుకలందించాడు. మూడో రోజు ఎవరూ అడగకుండానే, "గీ మూల జర వంకర ఉంది," అన్నాడు. మార్చి తర్వాత ఆ పని గురించి ఆయన పలికిన మొదటి మాట అది. మేస్త్రీ దారానికి కట్టిన తూకం గుండు వేసి చూశాడు. నిజంగానే వంకర. విప్పి మళ్లీ కట్టారు.

నాలుగు రోజులు నీళ్లు చల్లుతూ దిమ్మెను గట్టిపడనిచ్చారు. మిరుగానికి మూడు రోజులనగా మళ్లీ ఎత్తుడు. ఈసారి ఏడుగురే వచ్చారు. ఎనిమిదో మనిషి పట్టాల్సిన మోకు కొస నేల మీద పడి ఉంది. గల్లీలో అందరూ అటూ ఇటూ చూశారు. తిరుమల్ తన అరుగు మీది నుంచి లేచి వచ్చి లుంగీ పైకి కట్టాడు.

"నీకేమొచ్చింది?" అంది కమలమ్మ.

"ఒక్క మనిషి తక్కువై పడితే, మరిది అడ్డం వడ్డడని నన్నంటరు. ఎత్తుత. కానీ మిరుగం నాడు వచ్చి చూస్త, చెప్తున్న."

"రా. రొట్టె పెడ్త."

ఎత్తారు. పడమటి కొస గోడలోకి, తూర్పు కొస దిమ్మె మీదికి. కమలమ్మ నిచ్చెనెక్కి ఆ కొస మీద సుత్తెతో కొట్టింది. చప్పుడు దూలంలోంచి దిమ్మెలోకి దిగి ఆగిపోయింది. మిగిలిన రెండు రోజులు వాసాలు, రీపర్లు, పెంకులు. ఇంట్లో వాళ్లందరూ పెంకులందించారు. నాగులమ్మ కూడా మంచం మీది నుంచే ఎవరెవరు సరిగ్గా అందిస్తలేరో చెప్పింది.

మిరుగం నాడు పొద్దున తొమ్మిదింటికి వాన పడింది. సన్నది కాదు, పెంకుల మీద కంకర పోసినట్టు. నడిమింట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. తిరుమల్ గొడుగుతో వచ్చాడు, గొడుగు ముడవకుండానే తల పైకెత్తి మూల మూలా వెతికాడు. పావుగంటకు దొరికింది.

"వదినె! చుక్క! గిదో, పడ్తుంది చూడు!"

కమలమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చి చూసింది. నిజమే, రెండు పెంకుల మధ్య నుంచి చుక్క తర్వాత చుక్క.

"కప్పు నిలవెట్టమన్నవ్, నిలవడ్డది. పెంకు జరిగితే జరుపుత. గా కట్టె అందుకో."

తిరుమల్ గొడుగు ముడిచి, మూలనున్న పొడుగాటి కర్ర అందించాడు. ఆమె కింది నుంచి పెంకును రెండు వేళ్ల మేర జరిపింది. చుక్క ఆగింది. తిరుమల్ ఇంకాసేపు అక్కడే తల ఎత్తి నిలబడ్డాడు. తర్వాత దిమ్మె పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. అడగకుండానే ఆమె రొట్టె, ఎర్రకారం పెట్టింది. షట్టర్ల మాట ఆయన ఎత్తలేదు.

ఆయన పోయాక కమలమ్మ పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసింది. దిమ్మె మీద, అందరికీ కనిపించే ఎత్తులో, పెద్ద అక్షరాలతో రాసింది: దూలం 14 అడుగులు.

"ఏం రాస్తున్నవ్ కమలా?" అని అడిగింది నాగులమ్మ.

"దూలం పొడుగు."

"ఎన్ని మూరలు?"

"మూరలు లేవు అత్తమ్మా," అని బొగ్గు పొయ్యిలో పడేసి, చేతులు కడుక్కుని, తర్వాతి రొట్టెకు పిండి ముద్ద అందుకుంది.